ఆరో మీట

నేను ఒక మిడి కంట్రోలర్‌ని. పేరు చూసి జడుసుకోకండి. మూరెడు పొడవున్న నల్లటి పలక, దాని మీద పైకీ కిందికీ జరిగే ఎనిమిది మీటలు, వాటి పైన తిప్పుకునే ఎనిమిది నాబులు, ఇంతే నేను. చెవి దగ్గర పెట్టుకుని వింటే చిన్న చప్పుడు కూడా వినిపించదు. అదే కంప్యూటర్‌కు తగిలించి ఒక మీట జరపండి, డోలు తగ్గుతుంది. ఇంకోటి జరపండి, సన్నాయి లేస్తుంది. పాట నాది కాదు, పెత్తనం మాత్రం నాదే. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి ప్రతి మీటనూ కొసదాకా జరిపి చూసి, అట్టపెట్టెలో పడుకోబెట్టింది. హైదరాబాదులో నన్ను కొన్న కీబోర్డు విద్వాంసుడు పెట్టె విప్పుతూ వీడియో తీసుకున్నాడు. నాతో రెండు భక్తి పాటలూ, ఒక సీరియల్‌కి ఏడుపు సంగీతమూ చేశాడు. ఇంతలో నాకన్నా ఎక్కువ దీపాలు వెలిగేది బజారులోకి వచ్చింది, నన్ను వదిలించుకున్నాడు. పనిముట్టు మారిస్తే పనితనం వస్తుందని మనుషులకు గట్టి నమ్మకం. నాకైతే మంచే జరిగింది, కరీంనగర్‌లో ఓదెలు చేతికి వచ్చాను.

ఓదెలు స్టూడియో ఒక ఎరువుల దుకాణం పైన ఉంటుంది. గోడల నిండా పాత బొంతలు వేలాడతాయి, కింది నుంచి మందుల వాసన వస్తుంది. పొద్దున పెళ్లి బరాతు ఊరేగింపుకు డీజే పాట, మధ్యాహ్నం బడి వార్షికోత్సవానికి పాట, ఆ తరువాత బతుకమ్మ పాట. పాట మారితే నా ఉద్యోగమూ మారిపోతుంది. నిన్న డోలును మోసిన మూడో మీట ఇవాళ వేణువును మోస్తుంది. మరిచిపోకుండా ఓదెలు మీటల కింద తెల్ల టేపు అంటించి పేర్లు రాస్తాడు, పాట మారగానే పీకి కొత్తది అంటిస్తాడు.

నా స్వభావం ఒకటి ఇక్కడే చెప్పాలి. పాట మారినా నా మీటలు వాటంతట అవి కదలవు, పోయిన పాటలో వదిలిన చోటే ఉంటాయి. ఏ గొంతు ఎంత ఉండాలో కంప్యూటర్‌కు గుర్తుంటుంది, నాకు ఉండదు. చూసుకోకుండా వేలు ఆనించారంటే, ఆ గొంతు నేనున్న చోటికి ఒక్క దూకు దూకుతుంది.

ఒక ఏడాది కొమురవ్వ వచ్చింది. మానకొండూరు వైపు పల్లెలో నాట్లు వేసే మనిషి. తనతో నాటేసే ఆరుగురిని వెంటబెట్టుకొచ్చి నాటు పాట పాడింది. ఆమె ఒక వరుస అంటే ఆరుగురూ అందుకునేవారు. ఓదెలు ఆ ఆరుగురినీ కలిపి నా ఆరో మీటకు అప్పగించి, కింద ‘కోరస్’ అని రాశాడు. పాట చక్కగా కుదిరింది. మర్నాడు మధ్యలో ఒక పెళ్లి పాట వచ్చి పడింది. అందులో ఆరో మీట సన్నాయిది, చివర్లో దాన్ని అడుగుదాకా దించి వదిలేశాడు. తరువాత నాటు పాట తెరిచాడు, ఆరో మీటకు వేలు తగిలింది. ఆరుగురు ఆడవాళ్లూ ఒక్కసారిగా మాయమైపోయారు.

తప్పు నాది కాదు. నేనున్న చోటు నేను చెప్పాను.

ఓదెలు తల ఎత్తాడు, ఏదో పోయిందని చెవికి తట్టింది. అప్పుడే వెనక నిలబడ్డ, ఈ పాట చేయిస్తున్న యూట్యూబ్ చానెల్ యజమాని, మధ్యలో ఖాళీ వచ్చి బీటు భలే పడిందనీ, ఇలాగే ఉంచమనీ అన్నాడు. ఓదెలు ఉంచేశాడు. పాటను లక్షల మంది చూశారు. కొమురవ్వ మాత్రం మళ్లీ మెట్లెక్కలేదు. రెండుసార్లు కబురు పెట్టినా రాలేదు. డోలు చప్పుడులో తన గొంతు తగ్గిందని అలిగిందేమోనని ఓదెలు తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఎందుకైనా మంచిదని కంప్యూటర్‌లో ఒక కట్టడి మాత్రం పెట్టాడు. అప్పటి నుంచి కంప్యూటర్‌కు గుర్తున్న చోటికి మీట వెళ్లి తాకితే తప్ప గొంతు కదలదు.

మరుసటి ఏడు నాట్ల రోజుల్లో ఆమె యూరియా కోసం కింది దుకాణానికి వచ్చింది. ఓదెలు మెట్లు దిగి వెళ్లి, బతిమాలి పైకి తీసుకొచ్చాడు. ఇంకో పాట చేద్దాం, ఈసారి నీ గొంతు పెంచుతానన్నాడు.

“నా గొంతుకేమైంది బిడ్డా? నా ఎనుక ఆరుగురుండిరి. వాళ్లనేడ పెట్టినవ్?”

అప్పుడు తెలిసింది సంగతి. ఆ ఆరుగురూ ఫోన్‌లో పాట విన్నారు. ఒక్కతే పేరు తెచ్చుకోవాలని కొమురవ్వే తమను తీయించిందనుకున్నారు. అప్పటి నుంచి ఆమెను నాటుకు పిలవడం మానేశారు. సగం పొలాలు నాటడం అయిపోయింది, ఆమె ఇంకా ఎవరి మడిలోనూ కాలు పెట్టలేదు. ఇరవై ఏళ్లు కలిసి వంగిన మనుషులు ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నారని చెప్పింది.

“మిషిన్ల తప్పైంది అవ్వా,” అని ఓదెలు నన్ను చూపించాడు.

ఆమె వంగి నన్ను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. “దీనికి చెవులున్నయా?”

లేవు. ఆ ఒక్క మాటతో ఆమె మీద నాకు ప్రేమ పుట్టింది. చెవులున్నవాడు తల దించుకున్నాడు. “నాకు వినవడ్డది అవ్వా. ఊకున్న,” అన్నాడు.

ఓదెలు పాత పాట తెరిచి, ఆమె వేలు తీసుకుని నా ఆరో మీట మీద పెట్టాడు. బడి పాటలో పైన వదిలిన మీట అది. ఆమె కొంచెం జరిపింది, ఏమీ కాలేదు.

“ఇంక కిందికి పో అవ్వా. వాళ్లు అడుగున్నే ఉన్నరు.”

ఆమె అడుగుదాకా దించింది. అక్కడ దొరికారు. పైకి జరుపుతుంటే ఒక్కొక్క గొంతే తేలుతూ వచ్చింది, ఇది ఎల్లవ్వ, ఇది పోశవ్వ అని ఆమె గుర్తుపట్టి చెబుతూనే ఉంది. తరువాత తన గొంతు ఏ మీటలో ఉందని అడిగి, ఆ ఒకటో మీటను దించడం మొదలుపెట్టింది. నీ గొంతు తగ్గిపోతుందని ఓదెలు ఆపబోయాడు.

“తగ్గనీ. నాటేసేటప్పుడు నేను ముంగట నిలవడ్తనా? వరుసలనే ఉంట.”

ఆరో మీట కింద ఏం రాశావని అడిగింది. కోరస్ అని చెబితే, అట్లాంటి పేరుగల మనిషి మా ఊళ్లో లేదని చెప్పి ఆరుగురి పేర్లూ రాయించింది. వేలెడు వెడల్పు టేపు మీద ఆరు పేర్లు పట్టించడానికి ఓదెలు తంటాలు పడ్డాడు.

ఇలా సరిదిద్దిన పాట పెట్టడానికి చానెల్ యజమాని ఒప్పుకోలేదు, ఇచ్చే పనులు కూడా ఆపేశాడు. ఓదెలు తన సొంత చానెల్‌లో పెట్టుకున్నాడు. చూసినవాళ్లు కొన్ని వందల మంది. వినవలసిన వాళ్లు ఆరుగురే. నాలుగో రోజు ఓదెలు ఫోన్ చేస్తే, అవతల నీళ్ల చప్పుడు, ఆడవాళ్ల నవ్వులు. “నాటుల ఉన్న బిడ్డా, మళ్ల మాట్లాడుత,” అని కొమురవ్వ పెట్టేసింది. ఓదెలు కళ్లు తుడుచుకున్నాడు. నాకు కళ్లు కూడా లేవు, ఉంటే నేనూ తుడుచుకునేదాన్నే.

ఇప్పుడు నా రెండో మీట బిగుసుకుపోయింది, అంచున పెచ్చు లేచింది. వాటంతట అవే కదిలే మీటలున్న కొత్తది ఒకటి అల్మారాలోకి వచ్చి కూర్చుంది. అయినా ఓదెలు నన్ను వదల్లేదు. మిగతా టేపులన్నీ పాటపాటకూ మారతాయి, ఆరో మీట కింది పేర్లు మాత్రం అలాగే ఉన్నాయి. కొత్త పాట ఏది తెరిచినా, ఓదెలు ముందు ఆ మీటను అడుగుదాకా దించి, అక్కడ ఎవరైనా ఉండిపోయారేమో చూసి, అప్పుడు పని మొదలుపెడతాడు.