కాశ్యపస గోత్రం వాళ్లు లేవకండి

పెద్ద బోటుకు ఖాళీ కుర్చీయే శత్రువు. నూరు మంది కూర్చోవలసిన చోట ముప్ఫై మందే కూర్చున్నా డీజిల్ మాత్రం నూరు మందికీ తాగుతుంది. ఐసు కరిగేలోపు చేప అమ్ముకుని బతికినవాణ్ని నేను. అమ్ముడుపోని కుర్చీ, కరిగిపోయే ఐసు ఒకటేనని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే చేపల వ్యాపారంలో మిగిలినదంతా పెట్టి చిన్న బోటు కొన్నాను. కింద ఎనిమిది గదులు, ఒక హాలు, వంటిల్లు. పైన మేడ, మేడ మీద కుర్చీలు. నలభై మంది ఎక్కితే నిండిపోతుంది. సగం మంది ఎక్కినా చేతినుంచి పడదు. మా అమ్మ పేరూ మా ఇలవేల్పు పేరూ ఒకటే కాబట్టి బోటుకు ‘తలుపులమ్మ’ అని పేరు పెట్టాను.

వాటాదారు మణిశంకర్‌ది కోనసీమ. రాజమండ్రిలో టూరిస్టు టికెట్ల ఆఫీసు నడుపుతాడు.

“చిన్నదంటే జనానికి చులకన సురేష్‌బాబు గారూ. పెద్ద బోటులో లేనిది ఏదో ఒకటి మన దగ్గర ఉండాలండి” అన్నాడు.

నేను బోటు ఎడమ పక్కకు తీసుకెళ్లి చూపించాను. హాలు గుమ్మం బయట, నీళ్లకు జానెడు ఎత్తులో, పొడుగ్గా ఒక చెక్కమెట్టు కట్టించాను. దాని మీద కూర్చుంటే చెయ్యి నీళ్లకు అందుతుంది. పెద్ద బోటులో ఆ పని కుదరదు. అక్కడ రెయిలింగు పట్టుకుని నదిని పైనుంచి చూడాల్సిందే.

మణిశంకర్ వంగి చెయ్యి నీళ్లలో పెట్టి చాలాసేపు తియ్యలేదు. “పెద్ద బోటులో గోదావరిని చూస్తారు. మన బోటులో ముట్టుకుంటారు” అన్నాడు. అదే మాట కాగితాల మీద వేయించి ఊళ్లన్నీ పంచాడు.

కార్తీకమాసం వచ్చేసరికి మొదటి ట్రిప్పు నిండింది. మధ్యాహ్నం రాజమండ్రి నుంచి ఎదురెక్కి పట్టిసీమ ముందు లంగరు వెయ్యడం, మెట్టు మీదనుంచి కార్తీక దీపాలు వదలడం, రాత్రికి బోటులోనే భోజనం, పడక, పొద్దున్నే వెనక్కి. సగం మంది రామచంద్రపురం అమ్మాజీ గారి బంధువులు. అమ్మాజీ గారు రిటైరైన హెడ్‌మాస్టరమ్మ. ఆవిడ నోటినుంచి మంచి మాట వస్తే కోనసీమ సగం మా బోటు ఎక్కుతుందని మణిశంకర్ లెక్క. మిగతా సగం తణుకు నుంచి వచ్చిన ఒక ఆఫీసు బ్యాచి, భార్యలతో. పూజ చేయించడానికి మణిశంకర్ తన మేనమామ దక్షిణామూర్తి గారిని తీసుకొచ్చాడు. బోటు నడిపే సరంగు నా బావమరిది వీరబాబు. వంట నా భార్య నాగదుర్గ.

పట్టిసీమ చేరేసరికి పొద్దు గుడి వెనక్కి దిగుతోంది. వీరబాబు లంగరు వేసి ఇంజన్ ఆపేశాడు. ఇంజన్ ఆడుతుంటే అలలకు దీపాలు మునిగిపోతాయి. గుడి మాకు ఎడమ పక్కన ఉంది. మెట్టూ ఎడమ పక్కనే ఉంది. పొద్దూ అటే. అంత బాగా కుదిరినందుకు నేను మనసులో సంతోషించాను కూడా.

ఆడవాళ్లు అరటి డొప్పల్లో వత్తులు వెలిగించుకుని మెట్టు మీద బారుగా కూర్చున్నారు. వాళ్ల వెనక మొగుళ్లు. తణుకు వాళ్లంతా మేడ మీద ఎడమ రెయిలింగుకు ఆనుకుని ఫోన్లు చాపారు. లైఫ్ జాకెట్లు ఎక్కేటప్పుడే అందరికీ తొడిగించాను. ఫొటోలో పట్టుచీర కనబడటం లేదని ఒక్కొక్కరూ విప్పేశారు. జాకెట్లన్నీ కుడి పక్క గోడకు కుప్పగా పడి ఉన్నాయి.

“వదినా, నా దీపం నీ దీపాన్ని దాటేసింది చూడు!”

“దాటదా మరి, నీలాగే దానికీ తొందర.”

నవ్వులు. మొదటి దీపాలు గుడి వైపు సాగుతున్నాయి. నేను హాల్లో నిలబడి, వచ్చే వారానికి ఎన్ని డొప్పలు తెప్పించాలా అని ఆలోచిస్తున్నాను. అప్పుడే పంతులుగారి పళ్లెం పక్కన పెట్టిన కొబ్బరికాయ కదిలింది. ఎవరూ ముట్టుకోలేదు. మెల్లగా దొర్లుతూ హాలంతా దాటి ఎడమ గోడకు తగిలి ఆగింది. వెనకే రెండోది.

బోటు ఎడమకు ఒరుగుతోంది.

వంటింటి తలుపు తెరుచుకుంది. వంటిల్లు కూడా ఎడమ పక్కనే, మెట్టుకు ఆనుకుని ఉంది. నాగదుర్గ గడపలో నిలబడి ఉంది. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. అరవలేదు. ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, కాకపోతే నా కళ్లలోకి చూస్తూ అంది.

“ఏవండీ, తూములోంచి నీళ్లు లోపలికొస్తున్నాయండి. గోనెసంచి కుక్కాను. ఆగట్లేదు.”

“బయటికి వచ్చెయ్.”

“పొయ్యి మీద నూనె మూకుడుంది. వదిలేస్తే ఒలికి మంటెత్తుకుంటుంది. నేను పట్టుకుంటాను. మీరు పైవాళ్ల సంగతి చూడండి.” అని తలుపు వేసుకుంది.

బోటు ఒరిగితే మొదట నిండేది ఆ గదే. ఆ తలుపు బయటికి తెరుచుకుంటుంది. నీళ్లు ఇటువైపు ఒత్తితే తెరుచుకోదు. ఈ రెండు మాటలూ ఒకదాని వెనక ఒకటి తట్టాయి.

వీరబాబు సుక్కాను దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు.

“బావా, మెట్టు మునిగింది. వాళ్లు దీపాల సరదాలో పడి చూసుకోవట్లేదు. అందర్నీ ఈ పక్కకి రమ్మని కేకెయ్యనా?”

నోరు తెరిచాడు. నేను చేత్తో ఆ నోరు మూసేశాను. చేపల వేలంపాటలో చూశాను నేను. మంచి సరుకు దిగిందని ఒకడు అరిస్తే జనం ఒక్క ఊపున విరుచుకుపడతారు, బల్లలు తిరగబడతాయి. ఇక్కడ అరిస్తే నలభై మంది ఒక్కసారిగా కుడి పక్కకు ఉరుకుతారు. ఇప్పుడు ఎడమకు ఒరిగిన బోటు అదే ఊపులో కుడికి పడుతుంది. తిరిగి లేవదు.

“ఇంజన్ స్టార్ట్ చెయ్యి మరి, ఒడ్డుకి పోదాం” అన్నాను.

“ఈ వాలులో స్టార్ట్ చేస్తే విదిలిస్తుంది బావా. పైనోళ్లు నీళ్లల్లో పడతారు.”

కాటాలో ఒక సిబ్బి మాత్రమే నిండినట్టుంది బోటు. రెండో సిబ్బిలోకి సరుకు వెయ్యాలి, కానీ గంపెత్తి కుమ్మరించకూడదు. ఒక్కొక్క చేపా వెయ్యాలి. మనుషుల్ని అలా ఎలా వెయ్యడం? పేరు పెట్టి పిలవడానికి వాళ్ల పేర్లు నాకు తెలీవు.

అప్పుడు పంతులుగారి చేతిలో మైకు కనబడింది. దగ్గరికెళ్లి చెవిలో చెప్పాను.

“పంతులుగారూ, సంకల్పం చెప్పించండి.”

“బయల్దేరేటప్పుడే చెప్పించాను కదండీ!”

“మళ్లీ చెప్పించండి.”

“భలేవారే. ఒక పూజకి రెండు సంకల్పాలేంటండి? శాస్త్రం ఒప్పుకోదు.”

నేను ఆయన ముందున్న పంచపాత్ర చూపించాను. అందులో నీళ్లు ఒక అంచు దాటి కారుతున్నాయి. రెండో అంచు పొడిగా ఉంది. ఆయన దాన్ని చూశారు, గోడ దగ్గర కొబ్బరికాయల్ని చూశారు, నన్ను చూశారు.

“అందరూ కూర్చోవాలి. ఎక్కడివాళ్లక్కడే. ఆ తర్వాత గోత్రం గోత్రం చొప్పున ఈ పక్కకి పిలవండి, ప్రసాదానికి. ఒక గోత్రం కూర్చున్నాకే ఇంకోటి” అన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నారు. మైకులో వచ్చిన గొంతులో వణుకు లేదు. ఆ నిబ్బరం ఎక్కడినుంచి తెచ్చుకున్నారో నాకు ఇప్పటికీ తెలీదు.

“అమ్మా, అయ్యా! దీపాలు వదిలారు, చాలా సంతోషం. ఇప్పుడు మహాసంకల్పం. మేడ మీదవాళ్లు కూడా ఎక్కడున్నవాళ్లక్కడే కింద కూర్చోవాలి. నిలబడితే ఫలం రాదు.”

ఫలం రాదనేసరికి ఒక్కరూ నిలబడలేదు. పైన కుర్చీలు జరిగిన చప్పుడు, గాజుల చప్పుడు. జనం కూర్చునేసరికి బోటు ఒరగడం ఆగింది. లేవలేదు, కానీ ఆగింది. మెట్టు మీదవాళ్లకు తడి తగిలి “అయ్యో, చీర తడిసిందే” అంటున్నారు. అంతకంటే ఏమీ అనుకోలేదు.

“హరితస గోత్రం వారు, మెల్లగా, పిల్లల్ని పట్టుకుని కుడి పక్కకి రండి.”

ఒక కుటుంబం లేచింది. నా పక్కనుంచి నడిచి వెళ్తుంటే వాళ్ల బరువు నా అరికాళ్లకు తెలిసింది. మణిశంకర్ వాళ్లను కుడి గోడకు ఆనించి కూర్చోబెట్టి చలిమిడి పెట్టాడు. వాడి చేతులు చలిమిడిని చిదిపేస్తున్నాయి. తర్వాత భారద్వాజస. తర్వాత కౌండిన్యస. తర్వాత కౌశికస. ఎక్కడో అడుగున చెక్క కిర్రుమంది. ఒక కొబ్బరికాయ గోడను వదిలి బెత్తెడు వెనక్కి వచ్చింది.

దేవుడికి దండం పెట్టబోయాను. సరిగ్గా అప్పుడే పైనుంచి తణుకు గొంతు వినిపించింది.

“పంతులుగారూ! గోత్రం తెలీనోళ్లం ఏం చెయ్యాలండీ?”

పెళ్లిళ్లలో, వ్రతాల్లో ఆయన ఆ ప్రశ్నకు జీవితమంతా ఒకటే జవాబు చెప్పారు. అలవాటుగా అదే వచ్చేసింది.

“తెలియనివారంతా కాశ్యపస గోత్రమేనండి!”

పైన కేరింతలు. “ఒరేయ్, మనమంతా అన్నదమ్ములమేరా! లేవండి లేవండి, ప్రసాదం!” మేడంతా ఒక్కసారి లేచింది. అడుగుల చప్పుడు నెత్తి మీద ఎడమ నుంచి కుడికి ఉరిమింది. బోటు నేల నా కాళ్లకింద నుంచి జారింది. కొబ్బరికాయలు రెండూ బంతుల్లా హాలు దాటి వచ్చి కుడి గోడకు కొట్టుకున్నాయి. వంటింట్లో ఇనుము పడిన శబ్దం.

నాగదుర్గ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, బతికి ఉందని తెలిసేది.

మేడ మెట్లు ఎలా ఎక్కానో తెలీదు. పై మెట్టు మీద రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాను. నవ్వాను. ఆ నవ్వుకు అయినంత ఖర్చు నా జన్మలో దేనికీ కాలేదు.

“కాశ్యపస గోత్రం వాళ్లు లేవకండి! మీకు ప్రసాదం కూర్చున్నచోటికే వస్తుందండి!”

“అదేంటండీ, మాకొక్కళ్లకే అంత మర్యాద?”

“మీది అన్నిటికంటే పెద్ద గోత్రమండి. పెద్దవాళ్లు లేవకూడదు.”

“విన్నావా? మనం పెద్దోళ్లం. కూర్చోండెహె!”

మధ్య దాకా వచ్చినవాళ్లు మధ్యలోనే చతికిలబడ్డారు. వెనకబడినవాళ్లు ఎడమనే కూర్చున్నారు. బోటు కుడికి వెళ్లింది, ఎడమకు వచ్చింది, మళ్లీ కొంచెం కుడికి వెళ్లింది. ప్రతిసారీ ఇదే ఆఖరుదనుకున్నాను. చివరికి నదిలో తొట్టెలాగా నిలబడింది. దూరంగా దీపాలు గుడి ముందు వరస తప్పకుండా పోతున్నాయి.

కిందికి దిగి వంటింటి తలుపు తీశాను. చీలమండలోతు నీళ్లలో నాగదుర్గ నిలబడి ఉంది. రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకుని నూనె మూకుడును గాలిలో పట్టుకుని ఉంది. మోచేతి మీద ఎర్రగా కమిలింది.

“నిలబడిందాండీ?”

“నిలబడింది.”

“అయితే ఇది దింపండి. నా చేతులు విడట్లేదు.”

దింపాను. ఆమె గోడకు ఆనుకుని అప్పుడు ఏడ్చింది, చప్పుడు లేకుండా, పక్కవాళ్లకు వినబడకుండా.

భోజనాల దగ్గర ఎవరికీ ఏమీ తెలిసినట్టు లేదు. గోత్రాలు పిలిచి ప్రసాదం పెట్టడం ఏ బోటులోనూ చూడలేదని తెగ మెచ్చుకున్నారు. అదే మన స్పెషల్ అని ప్రచారం చేద్దామని మణిశంకర్ అప్పుడే నా చెవిలో గొణిగాడు. వాడి మొహం చూసి కొట్టాలనిపించింది. కానీ నా బుర్ర కూడా అదే లెక్క వేస్తోంది. మెట్టు తీసేస్తే మా బోటు ఎవరు ఎక్కుతారు? మేడ తీసేస్తే కుర్చీలు సగమైపోతాయి. రెండూ ఉంచితే ఇంకో సాయంత్రం ఇలాగే కొబ్బరికాయ కదులుతుంది.

అందరూ పడుకోవడానికి లేచాక అమ్మాజీ గారు నన్ను పిలిచారు. ఆవిడ ఇంకా కుడి గోడ దగ్గరే కూర్చుని ఉన్నారు. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంది. ఎప్పుడు తొడుక్కున్నారో నేను చూడలేదు.

“మీ గోత్రమేంటి బాబూ?”

“కాశ్యపసేనండి” అన్నాను, ఇంకేం చెప్పాలో తోచక.

“అయితే నిలబడకు, కూర్చో.”

కూర్చున్నాను. ఆవిడ గొంతు తగ్గించారు.

“మా గోత్రం కౌశికస అని పిలవకముందే నా చెంబు దొర్లిపోయింది. మా కోడలు చూసి అరవబోయింది. గిల్లాను. బడిలో పిల్లల్ని మేడ మెట్లు దింపిన దాన్ని నేను. ఒక పిల్ల అరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు.” మెట్టు వైపు చూశారు. “ఆ మెట్టు బాగుంది. నా చెయ్యి గోదావరికి తగిలి ఎన్నేళ్లయిందో. మా వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. అందర్నీ పంపిస్తాను. నీ మేడ తీసేశాక.”

“మేడ తీసేస్తే సగం మందే పడతారండి. టికెట్టు పెంచకపోతే గిట్టదు.” అప్పుడు కూడా నా నోరు బేరమాడుతోంది.

“పెంచు.”

“మీవాళ్లు ఇస్తారాండీ?”

“ఇవాళ సంగతి చెబితే ఎవరూ ఎక్కరు. చెప్పకపోతే ఇస్తారు. మేడ ఉంటే చెబుతాను. లేకపోతే చెప్పను. నీ ఇష్టం.”

అంత గట్టి బేరం నాతో ఎవరూ ఆడలేదు. ఒప్పుకున్నాను.

తెల్లవారి రాజమండ్రి రేవులో అందరూ దిగాక వీరబాబును స్పానర్లు తెమ్మన్నాను. మణిశంకర్ గట్టు మీద నిలబడి తల పట్టుకున్నాడు. నాగదుర్గ చేతికి కట్టు కట్టుకుని మేడ మొదటి బోల్టు తానే పట్టుకుంది.