కాలువ నీళ్ల మీద ఒట్టు

పోయిన ఎండాకాలం దాకా సరోజినీదేవి మోకాళ్లు ఆమెను మనిషిగా బతకనివ్వలేదు. మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి, గోడ వదలాలంటే భర్త బసవపున్నయ్యను పట్టుకోవాలి. పూజగదిలో కింద కూర్చోలేక కుర్చీలో కూర్చుని దీపం పెట్టేది. దేవుడి కంటే ఎత్తులో కూర్చున్నానే అని లోపల ఒకటే నలిగిపోయేది. బళ్ళారిలో పెద్ద డాక్టరు కీళ్లు మార్చాలన్నాడు. కోత అనే మాట వింటేనే ఆమెకు చచ్చేంత భయం.

అలాంటి మనిషి ఇప్పుడు క్యాంపులో అందరికంటే ముందు లేచి, వాకిట్లో గొంతు కూర్చుని ముగ్గేస్తోంది. తుంగభద్ర కాలువ కింద వరి పండించడానికి కోస్తా నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరది. తరాలు మారినా క్యాంపనే పేరు మాత్రం పోలేదు. ఆ క్యాంపంతా ఇప్పుడు సరోజినీదేవి ముఖం గురించే మాట్లాడుకుంటోంది. బుగ్గలు నిండి గుండ్రంగా, ఎర్రగా తయారయ్యాయి. వయసు వెనక్కి నడుస్తోందని ఇరుగుపొరుగు మురిసిపోయారు. మనిషి చిక్కిపోతే బెంగపడటం తెలుసు గానీ, ఒళ్లు చేస్తే అనుమానపడటం మనవాళ్లకు ఎవరు నేర్పారు? తలుపు గడియ తగిలితే చాలు, ముంజేతి మీద నేరేడుపండు రంగు మచ్చ లేచేది. ఆమె దాని మీద కొంగు కప్పుకుని తన పని చూసుకునేది.

ఆమె మోకాళ్లకు మందుపొడి ఇచ్చింది హంపయ్య. కెంచనగుడ్డ దగ్గర ఏటి ఒడ్డున పాక వేసుకుని ఉంటాడు. నెత్తిన ఒక్క తెల్ల వెంట్రుక లేదు. తన వయసెంతో చెప్పమని వచ్చినవాళ్లను ఆటపట్టిస్తాడు, తాను మాత్రం చెప్పడు.

"అంతా వేర్లూ ఆకులే తాయీ. తెల్లారి పరగడుపున తేనెలో కలిపి నాకల్ల. నొప్పీ ఉండదు, ముసలితనమూ రాదు. అయితే ఒకటి, ఈ మందు సంగతి డాక్టరు చెవిన పడిందా, గుణం పోతాది. నొప్పి రెండింతలై తిరిగొస్తాది. నీళ్లల్లో చెయ్యి పెట్టి ఒట్టెయ్యి."

సరోజినీదేవి నవ్వుకుంటూనే ఏట్లో చెయ్యి పెట్టింది. వారం తిరగకుండా గోడ పట్టుకోకుండా నడిచిన రోజున ఆ నవ్వు పోయి, ఒట్టు మీద నమ్మకం కుదిరింది.

ఆమె పొలంలో నాట్లు వేసే గుంపుకు మేస్త్రి మారెక్క. బురదలో వంగి వంగి నడుము విరిగిన మనిషి. ముగ్గు వేస్తున్న యజమానురాలిని చూసి వదల్లేదు.

"ఏంది తింటాండావో నాకూ చెప్పమ్మా. నేను పడుకుంటే నా ఇల్లు నడవదు."

కాదనడానికి సరోజినీదేవికి మనసొప్పలేదు. పైగా మేలు చేసే చెయ్యి తనదైనందుకు కాస్త గర్వం కూడా. మారెక్కను కాలువ గట్టుకు తీసుకెళ్లి, నీళ్లలో చెయ్యి పెట్టించి, హంపయ్య మాటలే తాను చెప్పింది. ఆ తర్వాత నాట్లలో మారెక్క ముందు నిలవడం పడుచు పిల్లలకే కష్టమైంది. పొడి అయిపోయినప్పుడల్లా పెద్ద సంచి తెప్పించమనేది. ఇంత ఎందుకని సరోజినీదేవి అడగలేదు.

నాట్లు ముగిశాయి. కూలీల వీధిలో ఊరమ్మ జాతర మొదలైంది. ఆ వారం ఆడవాళ్లకు ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టేదాకా మంచినీళ్లు తప్ప నోట ఏదీ పడకూడదు. అమ్మవారి నిష్ఠలో మందు ముట్టడమంటే ఆమెను నమ్మనట్టేనని వాళ్ల పట్టింపు. హంపయ్య పొడేమో తెల్లారి తప్ప తినకూడనిది. అందుకని మారెక్క దాన్ని ఉట్టి మీద పెట్టేసింది.

జాతర నడుమ ఒక మధ్యాహ్నం మారెక్క కూతురు నేత్రావతి గసపోసుకుంటూ వచ్చింది.

"అమ్మ లేవల్లేదమ్మా! వాంతులు చేసుకొనె, ఒళ్లంతా చల్లగైపోయె!"

బసవపున్నయ్య కారు తీశాడు. తాలూకా ఆసుపత్రికి చేరేసరికి మారెక్క నాడి దొరకడం లేదు. సెలైను ఎక్కుతోంది గానీ బీపీ లేవడం లేదు. చిన్న వయసు డాక్టరమ్మ మారెక్క ఉబ్బిన ముఖం వైపు చూసి, ముంజేతి మీది మచ్చలు తడిమింది.

"ఏమైనా మాత్రలు వేసుకుంటుందా? నాటి ఔషధి, అంటే నాటుమందు? పొడులు?"

"లేదు మేడం. జ్వరమొచ్చినా మాత్ర మింగదు. ఒక్కపొద్దులో ఉండాది, అంతే," అంది నేత్రావతి. పాపం, ఆ పిల్లకు నిజంగానే తెలియదు.

తెలిసిన మనిషి గోడవార నిలబడి ఉంది. సరోజినీదేవి ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. చెబితే డాక్టరు చెవిన పడుతుంది. మళ్లీ ఆ గోడ, ఆ కుర్చీ, స్నానాల గదిలో భర్త సాయం. ఎదురుగా మనిషి పోతుంటే తన మోకాళ్లు గుర్తొచ్చినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మళ్లీ గోడకే ఆనుకుంది. నర్సు సెలైను సీసా మార్చింది. బీపీ ఇంకా దిగిందని చెప్పింది.

మారెక్క కళ్లు సగం తెరిచింది. సరోజినీదేవిని వెతుక్కుని, తల అడ్డంగా ఊపింది.

"చెప్పొద్దమ్మా... ఒట్టు."

ఆ మాటతో సరోజినీదేవి గోడ వదిలి మంచం దగ్గరికి వచ్చింది. ప్రాణం పోతున్నా ఈ పిచ్చితల్లి తను వేయించిన ఒట్టునే కాపాడుతోంది.

"పొడి తింటోందమ్మా," అంది డాక్టరుతో. "నేనే ఇచ్చాను. ఒక్కపొద్దని ఆపేసింది."

డాక్టరమ్మ వెంటనే ఇంజెక్షన్ తెప్పించి నరంలోకి ఎక్కించింది. ఆ తర్వాతే ఇటు తిరిగింది.

"ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతారు. నొప్పి తెలియదు, ముఖం ఉబ్బుతుంది. ఒళ్లు దానికి అలవాటు పడ్డాక ఉన్నట్టుండి ఆపేస్తే మనిషి ఇలా పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణమే పోతుంది." సరోజినీదేవి గుండ్రటి బుగ్గలను చూసింది. "మీరూ తింటున్నారు కదా? మీ అంతట మీరు ఆపొద్దు. నేను మాత్రలు రాసిస్తాను, మెల్లగా తగ్గిద్దాం. ఇంకెవరైనా తింటున్నారా?"

"లేదమ్మా, మేమిద్దరమే."

నేత్రావతి చప్పున తలెత్తింది. "అమ్మ గుంపులో ఆడోళ్లందరినీ కాలువ కాడికి పిల్చకపోయి, నీళ్లల్లో చేతులు పెట్టిస్తాండె. ఏందో పూజ అనుకొంటి."

పెద్ద సంచి ఎందుకో సరోజినీదేవికి అప్పుడర్థమైంది. వీధి వీధంతా ఒక్కపొద్దులో ఉంది. బసవపున్నయ్య కారు తాళాలు తీసుకుని బయటికి పరుగెత్తాడు. ఆమె గుంపులో పనిచేసే రేణుకకు ఫోన్ చేసింది. చాలాసేపటికి ఎత్తింది. వెనక డప్పులు చెవులు పగిలేలా మోగుతున్నాయి.

"రేణుకా, మారెక్క ఇచ్చిన పొడి తింటున్నావా? ఆపేశావా?"

రేణుక గొంతు తగ్గించింది.

"ఏం పొడమ్మా? నాకేం తెలీదు."

"నేనే సరోజినమ్మను! నాతో చెప్పొచ్చు. ఆ ఒట్టు ఉత్తదే! అందరూ వెంటనే ఆసుపత్రికి రావాలి!"

"యాడుండావమ్మా నువ్వు? ఆసుపత్రిలోనా?" డాక్టరు చెవిన పడుతుందని రేణుక జంకింది. "అమ్మోరి మీద ఆన, నేను ఏ మందూ తినలేదు."

డప్పుల మధ్య ఎవరో ఆడమనిషి కేక పెట్టింది. ఆ వెంటనే ఇంకో కేక. రేణుక గొంతులో భక్తి పొంగింది.

"మా గుంపులో అంజినప్ప పెండ్లాం పడిపోయిందమ్మా! ఊరమ్మ పూనింది! అదిగో, ఇంకొకామె! పసుపునీళ్లు చల్లల్ల, ఉంటా."

"రేణుకా, అది పూనకం కాదే!"

రేణుక ఫోన్ పెట్టేయడం మరిచిపోయినట్టుంది. సరోజినీదేవి ఆమెను పేరు పెట్టి పిలుస్తూ అరుస్తూనే ఉంది, అటువైపు డప్పులు జోరందుకున్నాయి.