నల్లగుడ్డ చాటు నవ్వు

ఆదివారం మధ్యాహ్నం గ్రంథాలయం పైఅంతస్తుకి అందరికన్నా ముందు వచ్చేది ఆమే. కిటికీలు తెరిచి, స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి, కాళ్లకి తగలకుండా వైర్లకి టేపు అంటించేది. కెమెరా వెనక నల్లగుడ్డ కట్టి, దాని చాటున మానిటర్ ముందు కూర్చునేది. తర్వాత పాత కంప్యూటర్ల క్లబ్బు సభ్యులు తమ మెషీన్లు చంకనేసుకుని వచ్చేవాళ్లు. ఇంట్లో కుక్కర్ మూత పెట్టడం రాని పెద్దమనుషులు, ఎప్పుడో మూలపడ్డ మెషీన్‌కి ప్రాణం పొయ్యమంటే మాత్రం తిండి మానేసి పోస్తారు. వాళ్ల సమావేశాల్ని రికార్డు చేసి, నెట్‌లో లైవ్ ఇవ్వడం ఆమె పని. అందరూ ఆమెని 'కెమెరా' అనే పిలిచేవాళ్లు. అసలు పేరు ఆమె చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

ఎక్కడైనా లైవ్ కాస్త ఆలస్యంగా వస్తుంది. ఇక్కడ ముందే వచ్చేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రిటైరై క్లబ్బులో చేరిన, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ ఆ కెమెరాని విప్పి, లోపల సోల్డరింగ్ చేసినప్పట్నించీ, గదిలో జరగబోయేది టీ కాగేంత సేపు ముందుగా తెరమీద పడేది. దాన్నెవరూ వింతనుకోలేదు. అధ్యక్షుడు తన జోకుకి ఎవరైనా నవ్వుతారో లేదో ముందే చూసుకునేవాడు. ఒకసారి తన చొక్కామీద టీ ఒలకడం చూసి గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు. అయినా ఒలికింది. తెరమీద పడిందంటే జరిగి తీరేది, అంతే.

ఆమె మాత్రం ఏనాడూ తెరమీద పడలేదు. సమావేశం ముగిసేముందు కెమెరాని సభ్యులందరి మీదా తిప్పి, చూసేవాళ్లకి చెయ్యి ఊపించడం క్లబ్బు అలవాటు. "నువ్వూ రామ్మా" అంటే, "నేనొస్తే కెమెరా ఎవరు తిప్పుతారండీ?" అని తప్పించుకునేది. ఊరు మారి, జుట్టు కత్తిరించుకుని, దాక్కుని బతుకుతున్న మనిషి. మొగుడు ఆమె మోచేతిని తలుపుసందులో పెట్టి నొక్కిన సంగతి ఇక్కడ పెద్దమ్మకొక్కదానికే తెలుసు. పాత ఊళ్లో పోలీసులకి ఎన్నోసార్లు చెప్పుకుంది. "భార్యాభర్తలన్నాక..." అని మొదలుపెట్టి ఇంటికి పంపేవాళ్లు. ఆ వాక్యాన్ని పూర్తిచేసే పని మొగుళ్లకే వదిలేస్తారు.

పోయిన వారం ఒక పొరపాటు జరిగింది. కంప్యూటర్ భద్రత గురించి గంభీరంగా ఉపన్యాసమిస్తూ అధ్యక్షుడు తన కాలితోనే తన కంప్యూటర్ ప్లగ్గు ఊడదీశాడు. ఆమె ఫక్కున నవ్వింది, ఆ వెంటనే ఆయన 'అరెరె' అన్నాడు. మైకు తెరిచే ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంటే తన నవ్వు తనకి ముందే వినిపించేది, భయపడటానికైనా వ్యవధి ఉండేది. టీ తాగుదామని తీసి పక్కన పెట్టింది.

ఈ ఆదివారం లైవ్ మొదలుపెట్టాక, పోయిన వారం వీడియో కింద కామెంట్లు చూసింది.

"నవ్విన ఆవిడ ప్రతివారం వస్తారా?"

దానికి అధ్యక్షుడి జవాబు: "తప్పకుండా! మా కెమెరా చూసుకునేది ఆవిడే. బస్టాపు ఎదురుగా గ్రంథాలయం, పైఅంతస్తు. అందరికీ స్వాగతం."

ఆమె ఆ జవాబు రెండోసారి చదివింది. తలెత్తేసరికి మానిటర్‌లో తలుపు తెరుచుకుంటోంది. అవే భుజాలు. మడత నలగని అదే తెల్ల చొక్కా. కుర్చీల మధ్య నుంచి తిన్నగా వచ్చాడు, తెర నిండా అతని ముఖమే. హెడ్‌ఫోన్లలో ఫక్కున నవ్వు. ఆమెదే. అతని కళ్లు కెమెరా మీదుగా నల్లగుడ్డ వైపు చూశాయి.

"దొరికావు," అన్నాడు, ముద్దుగా.

గదిలో తలుపు ఇంకా మూసే ఉంది.

ఆమె వంగి వంగి వెళ్లి పెద్దమ్మని గుడ్డ చాటుకి లాక్కొచ్చింది. వెనకాలే వచ్చిన అధ్యక్షుడు తెర చూసి నోరు తెరిచాడు.

"అయ్యయ్యో, కొత్త సభ్యుడనుకున్నానమ్మా! గడియ పెట్టేద్దాం."

"అక్కడ తలుపు తెరుచుకుంటే ఇక్కడ గడియేం చేస్తుందండీ?" పెద్దమ్మ కసిరింది. "ఎవడో ఆడమనిషి గురించి అడగ్గానే దారి చెప్పెయ్యాలా? ఇంకా నయం, ఎదురెళ్లి తీసుకొచ్చారు కాదు!"

"నా నవ్వు కూడా వినిపించింది పెద్దమ్మా," అందామె. "అంటే నేనిక్కడే ఉంటాను. పారిపోయినా జుట్టు పట్టి లాక్కొస్తాడు."

పెద్దమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వెనక్కి తిప్పి వింది. మళ్లీ వింది.

"నువ్వు కనిపించలేదుగా?"

"లేదు."

"ఇప్పుడు నవ్వగలవా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మరైతే ఇది పోయిన వారం నవ్వే. చివర్లో ఈయన 'అరెరె' అనడం కూడా ఉంది, విను. స్పీకరు ఇలా తే, ఈ గుడ్డ చాటున దీన్నే మోగిస్తాను. నువ్వు వెనక మెట్ల మీంచి పో. ఫోన్లో లైవ్ చూస్తూ ఉండు."

బస్సులో ఆమె ప్రతి స్టాపులోనూ తలుపు వైపు చూసింది. ఫోన్లో లైవ్‌ని 'దొరికావు' అన్న చోటుకి వెనక్కి జరిపింది; ఆ వెంటనే గుడ్డ చిరిగిన చప్పుడు వినిపించింది. గుడ్డ వెనక స్పీకరు తప్ప ఎవరూ దొరక్క అతను మళ్లీ తెరమీదికి వచ్చాడు. ముఖంలో ముద్దు లేదు.

"దొరికితే ఏం చేస్తావు బాబూ?" పెద్దమ్మ గొంతు, చాలా మర్యాదగా.

అతను చెప్పాడు. కెమెరాకేసి వేలు చూపిస్తూ, ఆమెకే చెబుతున్నట్టు చెప్పాడు. మోచేయి సంగతి, తలుపు సంగతి, ఈసారి మోచేతితో వదలనన్న సంగతి. ఒడిలో కంప్యూటర్లు పక్కనపెట్టి ముసలివాళ్లు ఒక్కొక్కరే అతని వెనక లేచి నిలబడ్డారు. అక్కడ అదంతా ఇంకా జరగలేదు. ఇక జరక్క మానదు.

పోలీసుస్టేషన్ దగ్గర బస్సు దిగింది.  ఊరు కొత్తదే, బల్ల వెనక కూర్చున్న ఆయనా కొత్తవాడే. మొగుడి సంగతి ఆమె సగం చెప్పగానే మొదలుపెట్టాడు.

"చూడమ్మా, భార్యాభర్తలన్నాక..."

 ఆమె ఫోన్ బల్లమీద పెట్టి, సౌండు పెంచి, లైవ్ రికార్డింగుని అతను వచ్చిన చోటు నుంచి పెట్టింది. నవ్వు. అరెరె. దొరికావు. ఆ తర్వాత మిగతాదంతా, అతని నోటితోనే. పక్క గదిలో టైపు చేస్తున్నావిడ చెయ్యి ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన వాక్యం పూర్తిచెయ్యలేదు. కాగితం ముందుకి లాక్కుని, కలం మూత తీశాడు.

"మొదట్లో ఎవరో నవ్వారు," అన్నాడు. "ఎవరమ్మా అది?"

ఆమె ఒకసారి వీధి తలుపు వైపు చూసింది.

"నేనేనండీ," అంది.