నాలుక కింద మాత్ర

నేను ఎవర్నీ ఊరికే అనుమానించను. కారణం ఉంటేనే అనుమానిస్తాను. కారణాలు ఎప్పుడూ దొరుకుతాయి, అది నా తప్పు కాదు.

నాకు హెచ్ఐవీ ఉంది. తొమ్మిదేళ్లుగా మాత్రలు వేసుకుంటూ గుండ్రాయిలా ఉన్నాను. మా ఆవిడకు అంటలేదు. ఇంటి ముందుగదిలోనే నా వాచీల రిపేరు కొట్టు. పొద్దున్నే మాత్ర, మంచినీళ్లు ఆవిడే తెచ్చి చేతికిస్తుంది. ఏడు నెలల కిందట ఓ రోజు ఆ మాత్ర రంగు మారింది. తెల్లది కాస్తా గులాబీ రంగుది అయింది.

"ఇదేమిటే?" అన్నాను.

"కంపెనీ మారిందటండీ. మందు అదేనట."

ఎవరి చెవిలో పువ్వులు పెడుతుంది? అంతకు వారం ముందే ఆవిడా, వడ్రంగి పని చేసే మా బావమరిదీ వంటగదిలో గుసగుసలాడుకున్నారు. నన్ను చూసి నోళ్లు మూసుకున్నారు. నేను మర్చిపోతానా?

ఆ రోజు నుంచి మాత్రను నాలుక కింద దాచి, ఆవిడ లోపలికి వెళ్లగానే గోడ గడియారం పెట్టెలో అడుగున పడేసేవాణ్ణి. కొన్నాళ్లకు లోలకానికి మాత్రలు అడ్డుపడి గడియారం ఆగిపోయింది.

"గడియారాల డాక్టరు గారింట్లో గడియారానికే జబ్బు" అని నవ్వింది ఆవిడ.

"దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను" అన్నాను.

ఈమధ్య ఇంట్లో అందరూ నామీద కుట్ర మొదలుపెట్టారు. ఆవిడ టీ గ్లాసు ఎప్పుడూ నా ఎడమ మోచేతి దగ్గరే పెట్టేది, అది తగిలి ఒలికేది. బావమరిది ఎడమ పక్కన పిల్లిలా వచ్చి నిలబడేవాడు.

"వచ్చి చాలాసేపైంది బావా. నన్ను చూసి కూడా పలకరించవేం?" అనేవాడు.

దొంగ వెధవ అనుకున్నాను. దోమలు మరీ ఎక్కువయ్యాయి. చేత్తో తోలుతుంటే ఆవిడ నావంక అదోలా చూసేది.

"దోమలేవండీ? ఒక్కటీ లేదు."

నన్ను పిచ్చివాణ్ణి చేద్దామని చూస్తోందని కడుపు మండిపోయింది.

నిన్న కుడి కంటిరెప్పకు కురుపు లేచింది. ముప్పై ఏళ్లుగా భూతద్దం కుడి కంటికే బిగించుకుని, ఎడమ కన్ను మూసుకుని పని చేస్తున్నాను. నిన్న మొదటిసారి ఎడమ కంటికి పెట్టుకున్నాను. వాచీ సగమే కనిపించింది. మిగతా సగం మీద మసిగుడ్డ కప్పినట్టుంది. అద్దం తుడిచాను. ఆవిడే గీతలు పెట్టిందనుకున్నాను. నొప్పి ఓర్చుకుని కుడి కంటికి పెట్టి చూస్తే వాచీ చక్రాల ప్రతి పన్నూ స్పష్టంగా ఉంది. ఆ క్షణంలో నాకు నిజంగా భయం వేసింది.

ఆవిడను పిలిచి చెప్పాను. వెంటనే కొట్టు మూసేసి ఆస్పత్రికి లాక్కెళ్లింది.

"కళ్ల ముందు నలకలు తేలుతున్నా, మెరుపులు మెరుస్తున్నా అదే రోజు రమ్మని ఆస్పత్రిలో మొదట్లోనే చెప్పారండీ. మీరు దోమలన్నప్పుడే నాకు తట్టాల్సింది" అని దారంతా తనను తానే తిట్టుకుంది.

డాక్టరమ్మ చుక్కలు వేసి, దీపం పెట్టి కంటి లోపలంతా చూసింది. రక్తం తీయించింది. సాయంత్రానికి పిలిచింది.

"ఒంట్లో రోగాలను ఎదిరించే కాపలా కణాలు బాగా పడిపోయాయి. అందుకే కంటి వెనక పొరకు ఈ జబ్బు పట్టింది. ఎడమ కంట్లో పోయిన చూపు తిరిగి రాదు. కుడి కంటికి పాకకుండా ఇవాళే మందు మొదలుపెట్టాలి. మాత్రలు మానేశారా?"

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను గడ్డం తడుముకున్నాను.

"ఒక్క పూట తప్పలేదమ్మా. రోజూ నా చేత్తో నేనే ఇస్తున్నా" అంది ఆవిడ.

"మీరు ఏం ఇస్తున్నారో సరిగ్గా చూశారా?" డాక్టరమ్మ గొంతు మారింది. "నిజంగా వేసుకుంటూ ఉంటే ఆ మందు పనిచేయడం మానేసినట్టే. అప్పుడు మందే మార్చాలి. నిజం తెలియకపోతే ఈ రెండో కన్ను కూడా నేను కాపాడలేను."

ఆవిడ ఏడుపు గొంతుతో, "అవే ఇచ్చానమ్మా" అంది. ఏడు నెలలు నేను ఆవిడను చూసిన చూపుతోనే ఇప్పుడు డాక్టరమ్మ ఆవిడను చూస్తోంది. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"అన్నీ మా గోడ గడియారంలో ఉన్నాయి. నేనే వేసుకోలేదు" అన్నాను.

ఆవిడ నా ఎడమ పక్కన కూర్చుంది. మెడ పూర్తిగా తిప్పితేనే గానీ మొహం కనబడలేదు. తిట్టలేదు. "వంటగదిలో ఆ రోజు మావాడు మీకు కొత్త పనిబల్ల చేస్తానని కొలతలు అడిగాడండీ" అంది.

ఈ పొద్దున మాత్ర తెచ్చింది. ఈసారి కుడి పక్కన, నాకు కనబడేలా నిలబడింది. నేను మింగి నీళ్లు తాగాను. ఆవిడ లోపలికి వెళ్లలేదు.

"నోరు తెరవండి" అంది. తెరిచాను.

"నాలుక ఎత్తండి."