మేడంగారి పద్ధతి

యానాం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీకి ఇరవై ఏళ్లుగా ఆడిట్‌కి వెళ్తున్న శ్రీరామమూర్తికి, మొన్న తన ఆఫీసులోనే ఆడిటర్‌గా చేరిన ఉమాశ్రీ పేరు వింటేనే ఒళ్లు మండిపోతోంది. తను ఎంత గద్దించినా "అంతా సక్రమమేనండి" అనే స్టోర్‌కీపర్ పల్లంరాజు, ఆ పిల్ల ఒక్క ప్రశ్న అడిగి ఊరుకునేసరికి ఫ్రీజర్ ఆగిపోయిన రోజులన్నీ ఏకరువు పెట్టేశాడట!

"ఊరుకోవడం కూడా ఒక విద్యేనా?" అనుకుని ఈసారి ఒక్కడే వెళ్లాడు. గొంతు తగ్గించి, "ఫ్రీజర్ ఎలా పనిచేస్తోందండి పల్లంరాజుగారూ?" అని అడిగి, పళ్లు బిగించుకుని కూర్చున్నాడు.

ఐదు నిమిషాలు గడిచాయి. పల్లంరాజు గుమ్మం వైపు చూశాడు.

"మేడంగారు రాలేదాండి? ఆవిడకో మాట చెప్పాలండి."