గువ్వలకు నీళ్లు

దంతాలపల్లి పక్క ఊరి రేకుల చర్చిలో ఆదివారం దేవుడి మేలు చెప్పుకునే సాక్ష్యమంటే పెద్దవాళ్లకు జ్వరాలు తగ్గడం, బోరులో నీళ్లు పడడం, కొడుకులకు నౌకరీలు రావడం. ఏడేళ్ల శ్రేయకు అవేవీ పట్టవు. లేచి నిలబడి, "కౌజుపిట్ట పిల్లలను ఎంటేసుకొని పోయింది. ఒక పిల్ల ఎనుకబడితె ఆగింది. దేవునికి స్తోత్రం" అని గబుక్కున కూర్చునేది. ఇంకో వారం ఆరుద్ర పురుగు. మరో వారం పొదలో గువ్వ గుడ్లు. అదేం సాక్ష్యమని ముసలమ్మలు మూతి విరిచినా పాస్టరయ్య మాత్రం పడీపడీ నవ్వేవాడు.

తల్లి భాగ్య ఆ మాటలు వినడానికే చర్చికి పోయేది. భర్త మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయిన నాటి నుంచి ఆమె నోట ప్రార్థన రావడం లేదు. మోకాళ్లూనితే ఏడుపైనా రాదు. ఆ ఇంట్లో దేవుడితో మాట్లాడేది బిడ్డ ఒక్కతే. అదీ ఆగిపోతే తన బతుకులో ఇంకేం మిగలదని భాగ్యకు తెలుసు.

ఈ వానాకాలం రెండుసార్లు మక్క గింజలు పెడితే రెండుసార్లూ పిట్టలే తవ్వుకు తిన్నాయి. మూడోసారీ పెట్టి వాటినే మేపడానికి తాహతు ఎక్కడిది? పక్క చెలక రైతు కనకయ్య గెట్టు మీద నిలబడి కసిరాడు.

"గిట్ల పిట్టలను సాదుకుంట కూసుంటె నీ బిడ్డకేం పెడ్తవ్ చెల్లె? గింజలకు గుళికల మందు పట్టియ్యి. గవే సస్తయ్."

భాగ్య బిడ్డను ఇంట్లో ఉంచి, ముక్కుకు కొంగు చుట్టుకుని, మందు పట్టించిన గింజలు తన చేత్తోనే పెట్టింది. తెల్లవారి చెలకకు బయలుదేరితే శ్రేయ ఆమె కంటే ముందే ఉరికింది.

గువ్వలు రెక్కలు పరిచి పడి ఉన్నాయి. సాళ్ల మధ్య కౌజుపిట్ట, దాని పక్కనే పిల్లలు.

"అమ్మా, ఏమైందే గీటికి?"

"ఎండకు బిడ్డా. వారం సంది వాన లేదు గద, నీళ్లు దొరకక సచ్చినయ్. ముట్టకు, రోగాలొస్తయ్."

ఎంత సులువుగా వచ్చింది అబద్ధం ఆ పాడు నోటికి! శ్రేయ ఏడవలేదు. అక్కడే మోకాళ్లు వేసి కళ్లు మూసుకుంది. "యేసయ్యా, ఇగ ఒక్కటి గూడ సావొద్దు. నీళ్లు నేను పెడ్త, నువ్వు తోల్కరా" అంది.

భాగ్య పిట్టలను పూడ్చిపెట్టి, బిడ్డను బడిలో దింపి కూలికి పోయింది. పొద్దు వాలేవేళ చెలకకు తిరిగొచ్చేసరికి అంతటా నీళ్లే. కొబ్బరి చిప్పలు, డబ్బా మూతలు, ఇంట్లోని గిన్నెలు, ఆఖరికి పప్పు వండే మూకుడు కూడా బడి నుంచి వచ్చి సాళ్ల వెంట పెట్టింది పిల్ల. ఎక్కడెక్కడి పిట్టలో వచ్చి వాలాయి. తాగడం, మట్టి తవ్వడం, గింజ ఏరుకోవడం.

"అమ్మా! దేవుడు ఇన్నడే! ఎన్నొచ్చినయో సూడు!" శ్రేయ చప్పట్లు కొడుతోంది.

ఆ చప్పట్ల మధ్యే ఒక గువ్వ గిరగిర తిరిగి ఒరిగింది. పక్కనే మరొకటి. పిల్ల చప్పట్లు ఆపి, చిప్ప పట్టుకుని వాటి దగ్గరికి పరుగు తీసింది. "తాగు, జర తాగు, నీళ్లున్నయ్ గద..."

భాగ్య ఇక ఓర్చుకోలేకపోయింది. బిడ్డ చేతిలోని చిప్పను ఎగరగొట్టి అరిచింది. "ఎండ గాదే! మందు! గింజలకు నేనే మందు పెట్టిన!"

శ్రేయ తల్లి ముఖంలోకి చూసింది. "నువ్వా?"

"మనకు గింత తిండి గావాలె గద బిడ్డా..."

"నేను పిలిస్తెనే గద గివి వచ్చినయ్."

భాగ్య నేల మీద కూలబడి, వచ్చినా రాకున్నా ప్రార్థన కోసం నోరు తెరిచింది. ఒక్క మాట రాలేదు.

ఇంతలో కరెంటు తీగ మీది గువ్వల గుంపు ఒక్కసారిగా చెలకలోకి దిగింది. శ్రేయ గిన్నెలన్నీ తన్నేసింది. మట్టిగడ్డలు అందుకుని గువ్వల మీదికి విసరసాగింది. ఒకదానికి తగిలి ఈకలు రాలినా ఆగలేదు. తల్లి చేతులు చాచి పిలిస్తే దూరంగా జరిగి, ఇంకో గడ్డ అందుకుంది.

"రాకుండ్రి!" ఆకాశంకేసి గొంతు పగిలేలా అరుస్తోంది. "దేవుడు పంపినా రాకుండ్రి! మా అమ్మ సంపుతది!"