లోమారా తరఫున గోపిక

చీటీలు తీసిన రోజు కోదాడ డిగ్రీ కాలేజీలో అందరికీ ఏదో ఒక దేశం వచ్చింది, గోపికకు తప్ప. ఆమె చీటీలో ఇలా ఉంది: "లోమారా. నిన్ననే స్వతంత్రం ప్రకటించుకుంది. ఇంకా ఎవరూ గుర్తించలేదు."

డిసెంబరులో సూర్యాపేటలో జరిగే నమూనా ఐక్యరాజ్యసమితి కోసం తీసిన చీటీలవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కాలేజీల నుంచి నలభై ఐదు మంది బీఏ విద్యార్థులు ఒక్క రోజు ఒక హాల్లో కూర్చుని, తలా ఒక దేశం తరఫున మాట్లాడాలి. ఆ ఆలోచన కోదాడలో రాజనీతి శాస్త్రం చెప్పే సత్యనారాయణ సార్‌ది. దేశాలన్నీ ఆయన కల్పించినవే. నిజం దేశాలిస్తే ఫోన్లో చూసి అప్పజెప్తారని, పదిహేను రోజులు కూర్చుని పటాలు గీసి, నదులు పారించి, సరిహద్దులు పెట్టాడు. ఒక్కో దేశానికి ఒక్కో కవరు. ఆ దేశానికి ఏం కావాలో, దేనికి భయపడుతుందో ఆ కవర్లో ఉంటుంది. దాన్ని ఇంకొకరికి చూపకూడదు.

గోపికది చిలుకూరు దగ్గరి పల్లె. తండ్రి భిక్షపతికి నూట ఇరవై గొర్రెలున్నాయి. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన పిల్ల. క్లాసులో అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. అలాంటి పిల్లకు అన్నిటికంటే ఎక్కువ మాట్లాడాల్సిన పని పడింది.

"చీటీ మార్చుకుంటాను సార్" అంది ఆ సాయంత్రమే వెళ్లి.

"ఎందుకమ్మా?"

"ప్రజలుండాలె, హద్దులున్న భూమి ఉండాలె, ప్రభుత్వం ఉండాలె, వేరే దేశాలతోటి వ్యవహారం నడిపే శక్తి ఉండాలె అని మీరే చెప్పిన్రు. లోమారాకు నాలుగూ ఉన్నయ్. ఇగ ఇంకొకళ్లను బతిలాడుడు ఎందుకు సార్?"

సార్ నవ్వాడు. "ఉండటం వేరు, ఉందని పక్కవాళ్లు అనటం వేరు. బంగ్లాదేశ్ డెబ్బై ఒకటిలో పుట్టింది. ఐక్యరాజ్యసమితిలో కుర్చీ డెబ్బై నాలుగులో వచ్చింది. మధ్యలో ఒక్క పెద్ద దేశం వీటో అంది, ఆగిపోయింది. దక్షిణ సూడాన్‌కేమో వారం కూడా పట్టలేదు. ఎందుకో చదువుకొని రా. చీటీ మాత్రం మార్చను."

చదివింది. లైబ్రరీలో దొరికినంత చదివింది. దక్షిణ సూడాన్‌ను ముందుగా గుర్తించింది, అది విడిపోయిన పాత దేశమేనని తెలిసింది. ఆ సంగతి నోట్సులో రాసుకుంది గానీ, దాని బరువు అప్పటికి ఆమెకు తెలియలేదు.

సూర్యాపేట హాల్లో దేశాలన్నీ అర్ధచంద్రాకారంలో కూర్చున్నాయి. ముందు వరసలో పదిహేను మంది భద్రతా మండలి, అందులో ఐదుగురు వీటో ఉన్న పెద్ద దేశాలు. బల్లల మీద పేర్ల పలకలు. లోమారాకు పలకా లేదు, కుర్చీ లేదు. గోపిక తలుపు పక్కన కిటికీ గట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నం మూడింటికి ఓటు. మండలిలో తొమ్మిది మంది అవుననాలి, పెద్ద ఐదుగురిలో ఒక్కరు కూడా కాదనకూడదు. ఆ తర్వాత హాలంతటిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి.

ముందు చిన్న దేశాల దగ్గరికి వెళ్లింది. చిన్నవాళ్లయితే తేలిగ్గా ఒప్పుకుంటారని ఆమె లెక్క. రాసుకొచ్చిన రెండు పేజీలూ చదివింది: లోమారా భాష, పండుగలు, ముప్పై ఏళ్ల పోరాటం. విన్నారు. బాగుందన్నారు. లోమారాను గుర్తిస్తున్నామన్న కాగితం మీద ఒక్కరూ సంతకం పెట్టలేదు.

కోదాడ నుంచి తనతో పాటు బస్సులో వచ్చిన స్వర్ణ కూడా పెట్టలేదు. స్వర్ణది లోమారాకు పొరుగు దేశం.

"నువ్వు కూడనానే?" అంది గోపిక.

"తప్పుగా అనుకోకే. మీ పాత దేశం తమోరియా ఏమంటుందో చూడకుండా నేను పెడితే, రేపు వాళ్లు నా సరిహద్దు మూసేస్తారు. నా కవర్లో అట్లా ఉంది. అయ్యో, అది చెప్పకూడదు కదా" అని స్వర్ణ నాలిక కరుచుకుంది.

తమోరియా తరఫున వచ్చినవాడు సూర్యాపేట కాలేజీ ఫైనలియర్ రాకేష్. తండ్రి రాజకీయాల్లో తిరిగే మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, ఎవరితో మాట్లాడినా భుజం మీద చెయ్యి వేసే అలవాటు. గోపిక అతని బల్ల దగ్గరికి వెళ్లింది.

"అన్నా, జర ఐదు నిమిషాలు మాట్లాడొచ్చా?"

"కూసో" అని పక్క కుర్చీ చూపించాడు. ఆ హాల్లో ఆమెను కూర్చోమన్న మొదటివాడు అతనే.

ఆమె మళ్లీ ఆ రెండు పేజీలూ మొదలుపెట్టింది. అతను ఓపిగ్గా విన్నాడు. పండుగల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతని చూపు బల్ల మీది పటం మీదికి పోయింది. ఇది రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ అతని వేలు సెలా నది మీదే ఆగింది. ఆ నది లోమారా కొండల్లో పుట్టి తమోరియా మైదానంలోకి దిగుతుంది.

గోపిక కాగితాలు మడిచి పక్కన పెట్టింది.

"అన్నా, నాకేం గావాలెనో చెప్పుకుంట కూసున్న. మీకేం గావాలె?"

రాకేష్ పటం ఆమె వైపు తిప్పాడు. "మీరు పైన ఉంటరు. మేం కింద ఉంటం. రేపు మీరు ఆనకట్ట కట్టి నీళ్లు ఆపితే మా పొలాలేం గావాలె?"

గోపిక కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఇది పుస్తకంలో వెతకాల్సిన సంగతి కాదు.

"మాది సాగర్ ఎడమ కాల్వ కిందనే అన్నా. పైనోళ్లు తూములు తెరిసి పెట్టుకుంటే మా దిక్కు ఎకరంనర పొలానికి నీళ్లు రానీకి మా నాయిన ఎన్నిసార్లు కాల్వ పొంటి నడిసిండో నాకెరుక. కిందోళ్ల పరేషాన్ నాకు చెప్పే పని లేదు."

"మా ఊరు గూడ కాల్వ చివరనే" అన్నాడు రాకేష్. గొంతులో తమోరియా కొంచెం తగ్గింది. "మాకు నీళ్లొచ్చేసరికి పైన నాట్లు అయిపోతయ్."

ఇద్దరూ పటం ముందేసుకున్నారు. రెండు దేశాల నుంచి చెరో ముగ్గురితో నది కమిటీ. నాట్ల నెలల్లో కిందికి ముందు నీళ్లు. కొలిచే మనుషులు రెండు వైపుల నుంచీ ఉండాలి. రాకేష్ ఒక్కో మాటకూ పేచీ పెట్టాడు. నాట్ల నెలలు రెండని ఆమె అంటే మూడన్నాడు. మూడుకు ఒప్పుకుని, కమిటీ ఆఫీసు లోమారాలో ఉండాలంది. గంట పట్టింది. చివరికి ఇద్దరూ సంతకాలు పెట్టారు.

పన్నెండున్నరకు రాకేష్ మైకు తీసుకున్నాడు. "లోమారాను స్వతంత్ర దేశంగా తమోరియా గుర్తిస్తున్నది" అన్నాడు. స్వర్ణ అందరికంటే ముందు లేచి వచ్చి సంతకం పెట్టింది. ఆమె వెనకే మిగతావాళ్లు వచ్చారు. భోజనాల వేళకు మండలిలో పది మంది, పెద్ద ఐదుగురిలో నలుగురు ఒప్పుకున్నారు.

మిగిలిన పెద్ద దేశం మిర్యాలగూడ అమ్మాయి మనస్వినిది. ఆమె మర్యాదగానే మాట్లాడింది, కానీ మాట మెత్తగా లేదు.

"మా దేశంలో కూడా ఒక రాష్ట్రం విడిపోతానంటున్నది. ఇవాళ నీకు అవునంటే, రేపు వాళ్లు నా ముందుకొచ్చి నిలబడతారు. నేను కాదనే అంటాను. నీ మీద కోపంతో మాత్రం కాదు."

ఆ ఒక్క 'కాదు' చాలు. పది సంతకాలూ చిత్తు కాగితాలే.

భోజనాల దగ్గర ఇంకో చిక్కు. టోకెన్లు ఇచ్చే అటెండర్ సతీష్ దేశాల పేర్ల పక్కన టిక్కులు పెడుతున్నాడు. "లోమారా మా లిస్టుల లేదమ్మా" అన్నాడు నిజంగానే అయోమయంగా. వెనక నిలబడ్డ రాకేష్ పడీపడీ నవ్వి, "రాసుకో అన్నా, మేం గుర్తించినం" అన్నాడు. సతీష్ లిస్టు అడుగున లోమారా పేరు రాసి, దాని పక్కన టిక్కు పెట్టి, బగారా అన్నం ప్లేటు చేతికిచ్చాడు.

ప్లేటు పట్టుకుని మెట్ల మీద కూర్చుందో లేదో, మేత కోసం మందతో ఊళ్లు తిరుగుతున్న తండ్రి ఫోన్.

"గొర్లకు టీకాలు ఎన్నడని మెసేజ్ వచ్చింది బిడ్డా? డాక్టర్ సారు నీ నంబరుకే పంపిండంట."

"సోమారం నాయినా. మంద ఏడున్నది?"

"ఆత్మకూరు దాటినం. పొద్దుగాల ఒక పటేల్ అడ్డం నిలవడ్డడు. తన చేన్ల మంద పెట్టనియ్య అన్నడు. ఏందో లొల్లి, పోయినేడు వేరేటోళ్ల గొర్లు ఆయన కంది చేను మేసినయంట."

"మరెట్ల?"

"నీ చేన్ల పెట్టుమని నేను అడుగుతలే పటేలా అన్న. గెట్టు పొంటి బాట ఇడువు, గంతే అన్న. ఔనన్లే, కాదన్లే. మొకం అటు దిప్పుకొని బీడీ ముట్టిచ్చిండు. మేం మెల్లగ పోయినం." భిక్షపతి నవ్వాడు. "నువ్వు తిన్నవా?"

"తింటున్న" అంది గానీ, ఆమె చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది.

ఫోన్ పెట్టేసి సత్యనారాయణ సార్‌ను వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన పెరుగన్నం తింటున్నాడు.

"సార్, పెద్ద దేశం ఔనూ అనకుండ, కాదూ అనకుండ ఊకుంటే, అది వీటో అయితదా?"

సార్ చెంచా కింద పెట్టాడు. "తటస్థంగా ఉండటం అంటారు. అది వీటో కిందికి రాదు. అసలు మండలిలో కూడా అంతే." అని ఆమెను పరీక్షగా చూసి, "పుస్తకంలో ఏ పేజీలో ఉందది?" అన్నాడు.

"మా నాయిన చెప్పిండు సార్" అని ఆమె అప్పటికే వెనక్కి తిరిగింది.

మనస్విని చేతులు కడుక్కుంటుంటే పట్టుకుంది. "నువ్వు ఔనని చెప్పే పని లేదు. కాదనకు, గంతే. చెయ్యెత్తకుండ కూసో."

"మా రాష్ట్రం వాళ్లు అడిగితే?"

"మేం ఒప్పుకోలేదని చెప్పు. నిజమే గదా."

మనస్విని తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ ఆలోచించింది. "చాలదు. నీ ప్రసంగంలో ఒక మాట ఉండాలి. పాత దేశం ఒప్పుకుంది కాబట్టే నువ్వు వస్తున్నావని, ఒప్పుకోని చోట ఇది ఉదాహరణ కాదని."

గోపిక ఆలోచించింది. ఆ మాట చెప్తే, లోమారా లాగే ఎదురు చూసే ఇంకెవరికైనా తలుపు కొంచెం మూసుకున్నట్టే. అది ఆమెకు నచ్చలేదు. కానీ తన వెనక లోమారా జనం ఉన్నారు. కల్పించిన జనమే అయినా, ఆ పూటకు వాళ్ల బరువు ఆమె మీదే ఉంది.

"మొదటి ముక్క చెప్త. పాత దేశం ఒప్పుకున్నదని, అదే మా బలమని. ఇంకొకళ్లకు ఉదాహరణ కాదని మాత్రం నేననను. అది నువ్వే నీ మాటగా చెప్పుకో."

మనస్విని తల ఊపింది. "నువ్వు గట్టిదానివే" అంది.

మూడింటికి గోపిక మైకు ముందు నిలబడింది. ఆ రెండు పేజీల్లోంచి ఒక్క వాక్యం కూడా చదవలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది: నది ఒప్పందం, పాత దేశం సమ్మతి, ఎవరి ఇంటి గొడవలోనూ లోమారా వేలు పెట్టదన్న హామీ. నాలుగు నిమిషాల్లో ముగించింది.

మండలిలో పదకొండు చేతులు లేచాయి. ఒకరు కాదన్నారు, కానీ వారు పెద్ద ఐదుగురిలో లేరు. ముగ్గురు తటస్థంగా ఉన్నారు. ఆ ముగ్గురిలో మనస్విని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తర్వాత హాలంతా ఓటు వేసింది. ముప్పై ఆరు మంది అవునన్నారు. సతీష్ అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో 'లోమార' అని రాసుకొచ్చి, వరస చివర ఒక బల్ల, కుర్చీ వేసి దాని మీద పెట్టాడు. దీర్ఘం పోయింది, ఎవరూ దిద్దలేదు. గోపిక తన కుర్చీలో కూర్చుంటే మిగతా నలభై నాలుగు దేశాలు చప్పట్లు కొట్టాయి. ఓడినవాళ్లు ఎవరూ లేని చప్పట్లవి.

బహుమతి మాత్రం రాకేష్‌కే వచ్చింది, ఉత్తమ ప్రతినిధి అని. గోపికకు లోపల కాస్త చివుక్కుమంది. అతను ఆ కప్పు పట్టుకుని బస్టాండు దాకా వచ్చి, "మాకేం గావాలెనో నువ్వు అడగకపోతే నేనేం చేద్దునో నాకే తెల్వది" అన్నాడు. అల్లం చాయ్ తాగించాడు. మిర్యాలగూడ బస్సు ముందొచ్చింది. మనస్విని ఎక్కుతూ వెనక్కి తిరిగి, "మిర్యాలగూడలో మాకు రైస్ మిల్లుంది, ఒకసారి రా. ఫోన్ చెయ్యి" అంది. కోదాడ బస్సులో స్వర్ణ నిద్రపోయింది. గోపికకు నిద్ర రాలేదు. కోసిన వరి మళ్లు, గడ్డివాములు, రోడ్డు పక్కన ఆరబోసిన వడ్లు చూస్తూ కూర్చుంది. తను మాట్లాడితే జనం విన్నారు. దాన్ని మళ్లీ మళ్లీ తలుచుకుంది.

ఇంటికి చేరేసరికి దీపాల వేళ. తల్లి వెంకటనర్సమ్మ పొయ్యి ముందు రొట్టెలు కొడుతోంది. గోపిక గడపలో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. తల్లి మధ్యమధ్య ఊ కొట్టింది.

"ఇంతకు గా దేశం ఏడున్నదే?" అంది చివరికి.

"ఏడ లేదమ్మా. సార్ పుట్టిచ్చిండు."

వెంకటనర్సమ్మ చేతిలో రొట్టె ఆగింది. "లేని దేశానికా పొద్దంత తిరిగినవ్?"

"లేనిదే గని, ముప్పై ఆరు దేశాలు ఉన్నదన్నయ్."

తల్లి నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఉంటే ఉండనీ. కాళ్లు కడుక్కోని రా, రొట్టె సల్లారుతది" అంది.